ఫ్రిజ్ వెనక స్టిక్కర్

మీలో కొందరు వంటింట్లో పని చేసుకుంటూ ఈ ప్రసంగం వింటూ ఉంటారు. చేతిలో పని ఒక్క నిమిషం పక్కన పెట్టి, మీ ఫ్రిజ్ వెనక్కి ఓసారి తొంగి చూడండి. బూజు పట్టి ఉంటుంది, ఏమనుకోకండి, అందరి ఇళ్లలోనూ అంతే. కింద మూలన నల్లగా చిన్న కుండలాంటిది కనిపిస్తుంది. అదే కంప్రెసర్. దాని మీద గానీ, వెనక రేకు మీద గానీ ఒక స్టిక్కర్ ఉంటుంది. వోల్టేజీ, సీరియల్ నంబరూ, ఇంకా మనకు పట్టని అంకెలు బోలెడు. వాటి మధ్య ‘ఆర్ 600ఎ’ అనో, ‘ఆర్ 134ఎ’ అనో రాసి ఉంటుంది. పక్కన గ్రాముల్లో ఒక అంకె. కొన్నిటి మీద పసుపు ముక్కోణంలో మంట బొమ్మ కూడా ఉంటుంది.

వాతావరణానికి చెరుపు చేయని సాంకేతిక పరిజ్ఞానాన్ని ధనిక దేశాలు మిగతా దేశాలకు అందించాలని అంతర్జాతీయ సభల్లో ముప్పై ఏళ్లకు పైగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ మాట వినగానే మనకు సోలార్ పలకలూ గాలిమరలూ గుర్తొస్తాయి. నేను మాత్రం ఫ్రిజ్ గురించే మాట్లాడతాను. ఒప్పందం మీద సంతకం పెట్టిన బల్ల దగ్గర్నుంచి పానా పట్టుకున్న చెయ్యి దాకా ఈ వ్యవహారం ఎలా నడిచిందో ఆమూలాగ్రం చూడగలిగిన కథ, నాకు తెలిసినంతలో, ఇదే. పైగా ఇందులో నా సొంత డబ్బు కూడా కొంత పోయింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

2012, మే నెల. విజయవాడ ఎండల గురించి విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పినా నమ్మరు. ఓ పొద్దున లేచి చూస్తే ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి. కంప్రెసర్ మధ్యమధ్యలో మోగుతోంది, లోపల మాత్రం చల్లదనం చాలడం లేదు. ఫ్రిజ్ కొని రెండేళ్లే. మాకు బాగా తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. మా ఇంట్లో ఒకప్పుడు ఉన్న ఆల్విన్ ఫ్రిజ్‌ని ఇరవై ఏళ్లు బతికించినవాడు. సనత్‌నగర్ ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్ ఇంట్లో ఉంటే వీధిలో గౌరవం ఉండే రోజులవి. ఆ ఫ్రిజ్ ఇరవై ఏళ్లు నడిచిందంటే ఆ పుణ్యంలో సగం ఈయనదే.

వచ్చాడు. ఫ్రిజ్‌ని ముందుకు లాగి, కంప్రెసర్ పక్కనున్న చార్జింగ్ గొట్టానికి వాల్వు బిగించి గేజి తగిలించాడు. ముల్లు సున్నా కంటే కిందికి దిగింది. ఆయన నా వైపు చూసి, “గ్యాస్ లేదు మాస్టారూ, మొత్తం పోయింది” అన్నాడు. స్కూటర్ మీద నుంచి సిలిండర్ తెచ్చి, ముల్లు పది దాటేదాకా గ్యాస్ ఎక్కించాడు. డబ్బు తీసుకుని, మజ్జిగ తాగి వెళ్లాడు. మూడో రోజు కంప్రెసర్ కాలిపోయింది.

ఆ తర్వాత కంపెనీ తరఫున ఓ కుర్రవాడు వచ్చాడు. ముందు స్టిక్కర్ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో కాస్త జాలి ఉంది. “ఇది ఆరువందల ఎ సార్. ఈ గ్యాసుకి ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు ముల్లు సున్నా కిందే ఉండాలి. అది బాగానే ఉన్నట్టు లెక్క” అన్నాడు. అసలు తప్పు థర్మోస్టాట్‌ది. లేని జబ్బుకి మందు ఎక్కించి మా పాత మెకానిక్ మంచి కంప్రెసర్‌ని చంపాడు.

నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ తర్వాత ఆలోచిస్తే, ఆయనది అజ్ఞానం కాదనిపించింది. ఆయన దగ్గర ముప్పై ఏళ్ల జ్ఞానం ఉంది. కాకపోతే అది వేరే గ్యాసుకి సంబంధించింది. కొత్త గ్యాస్ సముద్రాలు దాటి మా వంటింట్లోకి వచ్చేసింది. దాన్ని ఎలా పట్టుకోవాలన్న సంగతి మాత్రం మా వీధి చివరిదాకా రాలేదు.

ఆ పాత గ్యాస్ సంగతి రెండు మాటల్లో చెబుతాను. వందేళ్ల కిందటి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి వాడేవారు. లీకైతే మనుషులు చచ్చిపోయేవారు. అలాంటి రోజుల్లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజినీరు విషం కానిదీ, మంట అంటుకోనిదీ అయిన వాయువును కనిపెట్టాడు. 1930లో శాస్త్రవేత్తల సభలో దాన్ని గుండెల నిండా పీల్చి, ఊది కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. అదే సి.ఎఫ్.సి., మన మెకానిక్‌ల భాషలో ఆర్ 12. అర్ధశతాబ్దం పాటు ప్రపంచం దాన్ని వరంలా చూసింది. 1974లో మోలినా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ వాయువు పైకి వెళ్లి ఓజోన్ పొరను తినేస్తుందని చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడి రంధ్రంలా కనిపించింది. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. ఓజోన్‌ని తినడం ఒక్కటే కాదు, ఒక కిలో ఆర్ 12 వందేళ్ల లెక్కలో పది వేల కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడిని భూమి మీద పట్టి ఉంచుతుంది. అంటే ఫ్రిజ్ గ్యాస్ మార్చడం మొదటినుంచీ వాతావరణం కథ కూడా.

అన్నట్టు, అమ్మోనియా మాయమైపోలేదు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఇప్పటికీ అదే వాడతారు. దానివల్ల ఓజోన్‌కీ హాని లేదు, వేడికీ హాని లేదు. ఘాటే భరించలేం. మిర్చి బస్తాల మధ్య ఆ ఘాటు ఎవరికి తెలుస్తుందంటారు గుంటూరు వాళ్లు!

మాంట్రియల్ ఒప్పందంలో మనం మొదట చేరలేదు. చైనా కూడా చేరలేదు. మన వాదన చాలా సూటిది. పైన ఆ పొరకు చిల్లులు పొడిచింది మీరు. మా ఊళ్లలో నూటికి ఒక ఇంట్లో కూడా ఫ్రిజ్ లేదు. ఇప్పుడిప్పుడే మావాళ్లు చల్లటి నీళ్లు తాగడం మొదలుపెడుతుంటే, ఆ గ్యాస్ మానేసి మరోటి మీ దగ్గరే కొనుక్కోమంటారా? 1990 జూన్‌లో లండన్‌లో జరిగిన సమావేశంలో అప్పటి మన పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ మాటే గట్టిగా పట్టుకున్నారు. డబ్బూ కావాలి, పరిజ్ఞానమూ కావాలి, ఈ రెండూ ఒప్పంద పత్రంలో అక్షరాల్లో ఉండాలి అని. సంతలో ఎద్దుల బేరం ఎలా సాగుతుందో అలాగే సాగింది. చివరికి ఒక నిధి పుట్టింది. దాని పేరు బహుపక్ష నిధి. మొదటి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లు, చైనా, భారతదేశం చేరితే మరో 8 కోట్లు అని రాసుకున్నారు. మనం ఎంత ముఖ్యమో ఆ అంకెలోనే తెలుస్తుంది. 1992 జూన్‌లో మనం చేరాం.

ఆ నిధి పద్ధతి నాకు నచ్చుతుంది. ఒక ఫ్యాక్టరీ పాత గ్యాస్ నుంచి కొత్త గ్యాస్‌కి మారితే అదనంగా ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి అంతే ఇస్తారు. దానం అనరు, అప్పూ అనరు. డబ్బు పంచే కమిటీలో 14 మంది సభ్యులు, ఏడుగురు ధనిక దేశాల నుంచి, ఏడుగురు మన వైపు నుంచి. అంతర్జాతీయ సంస్థల్లో డబ్బిచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ సమానంగా కుర్చీలు వేయడం అరుదు.

పత్రంలో ఇంకో మాట కూడా రాసుకున్నారు. పరిజ్ఞానాన్ని న్యాయమైన, అత్యంత అనుకూలమైన షరతుల మీద బదిలీ చేయాలని. బాగానే ఉంది. కానీ పత్రం మీద సంతకం పెట్టింది ప్రభుత్వాలు. పరిజ్ఞానం ఉన్నది కంపెనీల దగ్గర. ప్రభుత్వం మాటిస్తే కంపెనీ ఎందుకు వింటుంది?

అప్పట్లో ఆర్ 12 స్థానంలోకి వస్తుందనుకున్న వాయువు హెచ్.ఎఫ్.సి. 134ఎ, అంటే స్టిక్కర్ మీది ఆర్ 134ఎ. ఓజోన్‌కి హాని చెయ్యదు. మన దేశపు రసాయన కంపెనీలు దాని తయారీ విద్య కోసం పడమటి కంపెనీల తలుపు తట్టాయి. ఒకచోట రెండున్నర కోట్ల డాలర్లు అడిగారు. ఇంకొకచోట, మీ కంపెనీలో పెద్ద వాటా మాకిస్తే చూద్దామన్నారు. మరోచోట, తయారు చేసుకోండి గానీ బయటి దేశాలకు అమ్మకూడదన్నారు. అమ్మాయిని ఇస్తామంటూనే గుమ్మం దాటనివ్వని సంబంధం లాంటిది అది. బేరం తెగలేదు. ఆ విద్య మీద హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తలు పనిచేశారు. కొన్నేళ్లకు ఎస్.ఆర్.ఎఫ్. అనే భారతీయ కంపెనీ రాజస్థాన్‌లోని భివాడీ దగ్గర సొంత పరిజ్ఞానంతో ఆ వాయువు తయారీ మొదలుపెట్టింది. గర్వపడాల్సిన సంగతే. తీరా మనం అది సాధించేసరికి ప్రపంచం మరో మాట అందుకుంది. 134ఎ ఓజోన్‌కి మంచిదే గానీ, ఒక కిలో సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమట, దాన్నీ తగ్గించాలట. 2016 అక్టోబర్‌లో రువాండా రాజధాని కిగాలీలో అదీ ఒప్పందమైంది. మనం 2021లో ఆమోదించాం. పదిహేనేళ్లు పరిగెత్తి బస్సు పట్టుకుంటే, ఈ బస్సు డిపోకి పోతోంది దిగండి అన్నట్టయింది.

ఇక ఆ స్టిక్కర్ మీది ఇంకో పేరుకి వస్తాను. ఆర్ 600ఎ. దాని కథ వేరే దారిలో నడిచింది. అందుకే నాకు అదంటే ఇష్టం.

తూర్పు జర్మనీలో, శాక్సనీ కొండల్లో షార్ఫెన్‌స్టైన్ అనే ఊరుంది. అక్కడ సోషలిస్టు కాలం నాటి ఫ్రిజ్ ఫ్యాక్టరీ ఒకటి. రెండు జర్మనీలూ కలిసిపోయాక ఇలాంటి ఫ్యాక్టరీలన్నీ మూతపడుతున్నాయి. దీనికీ 1992లో రోజులు దగ్గరపడ్డాయి. అదే సమయంలో డోర్ట్‌మండ్ నగరంలోని ఆరోగ్య పరిశోధన సంస్థలో ఇద్దరు వైద్య శాస్త్రవేత్తలు ప్రొపేన్, బ్యూటేన్ కలిపి ఫ్రిజ్ నడపొచ్చని చూపించారు. మన వంటగ్యాస్‌లో ఉండేవి అవే. పెద్ద కంపెనీలు పట్టించుకోలేదు. పర్యావరణం కోసం పోరాడే గ్రీన్‌పీస్ సంస్థ పట్టించుకుంది. ఆ ఫ్యాక్టరీకి వెళ్లి, ఈ గ్యాస్‌తో పది ఫ్రిజ్‌లు చేసి పెట్టండి, డబ్బు మేమిస్తాం అంది. తర్వాత ప్రచారం చేసి వేల మంది దగ్గర ముందస్తు ఆర్డర్లు సంపాదించింది. అవి ఏకంగా 70,000 దాకా వెళ్లాయి. పెద్ద కంపెనీలు ఊరుకుంటాయా? వంటింట్లో బాంబు పెట్టుకుంటారా అని జనాన్ని భయపెట్టాయి. 1993లో ఫ్రిజ్‌లు బజారులోకి వచ్చాయి. ఆ బాంబు మాటలు చెప్పిన కంపెనీలే ఏడాది రెండేళ్లలో తామూ అదే గ్యాస్‌కి మారాయి. తర్వాత ఆ మిశ్రమం బదులు ఒక్క ఐసోబ్యూటేన్ నిలబడింది. అదే ఆర్ 600ఎ.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, గ్రీన్‌పీస్ ఆ పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు. ఎవరు కావాలంటే వాళ్లు చేసుకోండన్నారు. 1990ల మధ్యలోనే చైనా కంపెనీలు అందుకున్నాయి. షార్ఫెన్‌స్టైన్ ఫ్యాక్టరీ మాత్రం 1996లో దివాలా తీసింది. అది ఇచ్చిన గ్యాసే ఇప్పుడు ప్రపంచంలో ఏటా తయారయ్యే ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువ భాగాన్ని నడిపిస్తోంది. ఇంకో తమాషా చెప్పాలి. అమెరికాలో ఇంటి ఫ్రిజ్‌లలో ఈ గ్యాస్‌కి అనుమతి దొరికింది 2011 చివర్లో, అదీ 57 గ్రాములు దాటకూడదన్న షరతుతో. అప్పటికి మన దేశంలో అలాంటి ఫ్రిజ్‌లు వచ్చి పదేళ్లయింది. పరిజ్ఞానం ఎప్పుడూ ఉత్తరం నుంచి దక్షిణానికే ప్రవహిస్తుందనుకునే వాళ్లకు ఈ ఒక్క తేదీ చాలు.

మనకు ఎలా వచ్చింది? స్విట్జర్లాండ్, జర్మనీ ప్రభుత్వాల అభివృద్ధి సంస్థలు 1990ల్లో మన దేశంలో ఒక ప్రాజెక్టు నడిపాయి. గోద్రెజ్ కంపెనీ ఈ గ్యాస్‌కి మారింది. మారడమంటే ఒక సిలిండర్ తీసి మరోటి పెట్టడం కాదు. ఫ్రిజ్ గోడల మధ్య నురుగులాంటి ఇన్సులేషన్ ఉంటుంది కదా, దాన్ని ఉబ్బించడానికీ మునుపు సి.ఎఫ్.సి.నే వాడేవారు. దాని బదులు సైక్లోపెంటేన్ వచ్చింది. అదీ మండేదే. కాబట్టి ఫ్యాక్టరీలో గాలి ఆడే ఏర్పాట్లు, గ్యాస్ పసిగట్టే యంత్రాలు, నిప్పురవ్వ రాని మోటార్లు, అన్నీ మారాలి. కంప్రెసర్ డిజైన్ మారాలి. స్విచ్‌లు మారాలి.

మంట విషయం కాస్త నిదానంగా చెబుతాను. బాంబు అన్న మాటను ఊరికే కొట్టిపారేయకూడదు కదా. మీ ఫ్రిజ్‌లో ఉండే ఆర్ 600ఎ సుమారు 50 గ్రాములు. రెండు సిగరెట్ లైటర్లలోనే దాదాపు 10 గ్రాములు ఉంటుంది. ఆ 50 గ్రాములూ మొత్తం లీకై బయటికొస్తే 20 లీటర్ల వాయువు అవుతుంది. ఈ వాయువు గాలిలో నూటికి సుమారు రెండు వంతులైనా ఉంటేనే అంటుకుంటుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న చిన్న వంటగదిలో 22,000 లీటర్లకు పైగా గాలి ఉంటుంది. అంటే గది మొత్తానికి కావలసింది 400 లీటర్లకు పైనే. మన దగ్గర 20. గదికి ప్రమాదం లేదు. కానీ అదే 20 లీటర్లూ 200 లీటర్ల ఫ్రిజ్ లోపలే చేరితే? అప్పుడు నూటికి పది వంతులు. మీరు తలుపు తీస్తే బయటి గాలి కలిసి, ఎక్కడో ఒకచోట పాళ్లు సరిపోతాయి. అందుకే లోపలి బల్బు స్విచ్‌నీ, థర్మోస్టాట్‌నీ నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంచుతారు. ఎవరో మెకానిక్ పాత ఫ్రిజ్ స్విచ్ తెచ్చి బిగిస్తే ఆ జాగ్రత్త మొత్తం గాలికి పోతుంది. ఇంకోటి, వంటగ్యాస్ లీకైతే కుళ్లిన వాసన వస్తుంది. అది కావాలని కలిపిన వాసన. ఫ్రిజ్ గ్యాస్‌లో అది కలపరు. లీకైతే ముక్కుకి తెలీదు.

ఈ లెక్కలన్నీ ఫ్యాక్టరీలో ఇంజినీర్లకు తెలుసు. ఇక్కడే నా అసలు బాధ.

అంతర్జాతీయ పత్రాల్లో ‘పరిజ్ఞాన బదిలీ’ అన్న మాటకు ఫ్యాక్టరీ గేటు దాకానే అర్థం ఉంటుంది. యంత్రం వచ్చింది, డబ్బు అందింది, ఉత్పత్తి మారింది, బదిలీ పూర్తయిందని నివేదికలో రాస్తారు. కానీ ఫ్రిజ్ బతుకు పదిహేనేళ్లు. అందులో ఫ్యాక్టరీలో గడిచేది కొద్ది గంటలు. మిగతా బతుకంతా మనింట్లో, మన వీధి మెకానిక్ చేతిలో. ఆయన దగ్గర తప్పు జరిగితే, జర్మనీలో ఇద్దరు డాక్టర్లు చేసిన పనీ, లండన్‌లో మంత్రిగారు చేసిన వాదనా మా వంటింట్లో కాలిపోయిన కంప్రెసర్ అయి కూర్చుంటాయి.

ఆర్ 12 మెకానిక్ చేతి అలవాట్లు చూడండి. గ్యాస్ చవక కాబట్టి గొట్టాల్లో దుమ్ము వదలగొట్టడానికి గ్యాస్‌నే ఊది ఫుస్సుమని వదిలేసేవాళ్లు. కంప్రెసర్ విప్పి గంటసేపు అలాగే ఉంచి టీకి వెళ్లేవాళ్లు. ఏమీ అయ్యేది కాదు. 134ఎ వచ్చాక అందులో వాడే సింథటిక్ ఆయిల్ గాలిలో తేమను స్పంజిలా పీల్చడం మొదలుపెట్టింది. బెజవాడ తేమలో ఓ టీ తాగి వచ్చేసరికే ఆయిల్ పాడవుతుంది. ఇక 600ఎ దగ్గర మరో పేచీ. నడుస్తున్నప్పుడు కంప్రెసర్ గ్యాస్‌ని పీల్చుకునే వైపు లోపలి ఒత్తిడి బయటి గాలికంటే తక్కువ. కాబట్టి ఆ వైపు గొట్టంలో చిల్లు పడితే గ్యాస్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. సబ్బు నీళ్లు రాసి బుడగ కోసం చూసే పాత పరీక్ష అక్కడ పనిచెయ్యదు. అన్నిటికంటే పెద్ద సంగతి టార్చి. వెల్డింగ్ లేకుండా గొట్టం అతకడమన్నది మన మెకానిక్‌కి ఊహకందని విషయం. గొట్టంలో గ్యాస్ మిగిలి ఉండగా దాని మీద మంట పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఈ గ్యాస్‌కి మంట అవసరం లేని అతుకు వచ్చింది. రెండు గొట్టాల చివరల మీద ఇత్తడి ఉంగరం జొనిపి, చేతి పరికరంతో గట్టిగా నొక్కుతారు. అంతే.

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. రిటైరవక ముందు ఒకసారి వీధి మెకానిక్‌ల కోసం రెండు రోజుల తరగతి పెట్టాం. నలభై మంది వస్తారనుకుంటే పదకొండు మంది వచ్చారు. కారణం అడిగితే అందరిదీ ఒకటే మాట. “రెండు రోజులు షాపు మూస్తే ఇంట్లో పొయ్యి వెలగదు సార్.” మేం తరగతి పెట్టిన నెల ఏప్రిల్. ఎండాకాలం వాళ్లకు పంటకాలం అన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను. తెలుగు కాదు, వాళ్ల భాషలో. ఉంగరంతో అతుకు వేసి చూపిస్తే వెనక వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకడు లేచి, గొట్టాన్ని రెండు చేతులా పట్టి లాగి చూసి, “ఊడట్లేదే!” అన్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నమంతా వాళ్లు నన్ను పాఠం చెప్పనివ్వలేదు. పరికరం లాక్కుని గొట్టాలన్నీ అతుకుతూ కూర్చున్నారు. చివరికి ఒకడు అడిగాడు, ఇది ఎంతవుతుంది అని. ధర చెప్పాను. గది నిశ్శబ్దమైపోయింది. వాక్యూమ్ పంపు, గ్రాములు చూపించే కాటా, ఈ పరికరం, మూడూ కలిపి వాళ్ల నాలుగు నెలల సంపాదన.

2019లో మన ప్రభుత్వం శీతలీకరణకు జాతీయ ప్రణాళిక ఒకటి ప్రకటించింది. దేశంలో ఇలాంటి మెకానిక్‌లు రమారమి రెండు లక్షల మంది ఉంటారని అంచనా వేసి, వారిలో లక్ష మందికి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. అలాంటి పత్రంలో మెకానిక్‌కి చోటు దొరకడమే నాకు ఆనందం. సర్టిఫికెట్‌తో పాటు కాటా కూడా చేతిలో పెడితే ఇంకా బాగుంటుందని నా మనవి.

ఏసీల దగ్గర ఇదే కథ మళ్లీ మొదటికొచ్చింది. ఫ్రిజ్‌లో పట్టేది 50 గ్రాములు, ఏసీలో పట్టేది అంతకు ఎన్నో రెట్లు. గోద్రెజ్ 2012లో జర్మన్ సహకారంతో ప్రొపేన్‌తో నడిచే ఏసీ తెచ్చింది. వేడి విషయంలో దానికి సాటి లేదు. కానీ ఎక్కువ గ్యాస్, అది మండే గ్యాస్, దాన్ని మూడో అంతస్తు గోడకు వేలాడుతూ బిగించాల్సిన కుర్రవాడు. మిగతా కంపెనీలు వెనకాడాయి. చాలామంది ఆర్ 32 అనే మధ్యే మార్గం పట్టారు. దాని వేడి 134ఎలో సగం, మండే గుణం కొద్దిగా. జపాన్ కంపెనీ డైకిన్ ఆ గ్యాస్ వాడే ఏసీలకు సంబంధించిన మౌలిక పేటెంట్లను 2011లో వర్ధమాన దేశాలకు ఉచితంగా తెరిచింది. ఉదారత అనండి, వ్యాపార తెలివి అనండి. తన దారిలో అందరూ నడిస్తే తన బండికే లాభం కదా. నాకు అభ్యంతరం లేదు. రెండున్నర కోట్ల డాలర్లు అడిగిన రోజుల కంటే నయం.

కార్ల ఏసీలకు వస్తున్న సరికొత్త వాయువుల మీద మాత్రం మళ్లీ ఒకటి రెండు పెద్ద కంపెనీల పేటెంట్లే పరుచుకుని ఉన్నాయి. ఆ బేరం ఇంకా నడుస్తోంది.

మా పాత మెకానిక్ సంగతి చెప్పలేదు కదూ. ఆ కంప్రెసర్ వ్యవహారం తర్వాత ఆయన మా వీధి వైపు రావడం మానేశాడు. నేనూ పిలవలేదు. నాలుగైదేళ్లకు ఓ రోజు ఫ్రిజ్ మళ్లీ మొరాయించింది. కంపెనీ వాళ్లు వారం తర్వాత వస్తామన్నారు. వారం రోజులు ఎండల్లో ఫ్రిజ్ లేకుండా ఉండటం మా ఆవిడ వల్ల కాదు. అభిమానం చంపుకుని ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

“మాస్టారూ, వెనక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద ఏ గ్యాసో కాస్త చదువుతారా?”

చదివాను. ఆరువందల ఎ, నలభై ఆరు గ్రాములు.

“అయితే గంటలో వస్తాను. కాటా మా తమ్ముడి కొడుకు దగ్గరుంది, తీసుకుని రావాలి. ఈలోపు అమ్మగారికి చెప్పి కిటికీలు తెరిపించండి. పొయ్యి ఆపెయ్యమనండి.”

వంటింట్లోకి వెళ్లి చెప్పాను. పొయ్యి మీద చింతకాయ పులుసు సగంలో ఉంది. మా ఆవిడ నా వైపు ఓ చూపు చూసి, పొయ్యి ఆపింది.